నాన్న సంతకం ఒక్కటే చాలదు

హైదరాబాద్ వాళ్లకు చేవెళ్ల రోడ్డంటే మర్రిచెట్లు, వీకెండ్ రైడ్, ఇన్‌స్టా రీల్. మొయినాబాద్‌లో పుట్టిపెరిగిన నాకు మాత్రం అదే రోడ్డు అంబులెన్స్ సైరన్. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొట్టి 19 మంది చనిపోయారు. ఆ రోజు మా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో అందరూ అడిగింది ఒకటే: "ఎంత ఇస్తారంట?"

సర్కారు ప్రకటించే ఎక్స్‌గ్రేషియా వేరు, చట్టం ప్రకారం వచ్చే నష్టపరిహారం వేరు. రెండోదానికి మోటారు వాహనాల చట్టం కింద ట్రైబ్యునల్‌లో కేసు వేయాలి. మాకైతే ఎల్బీనగర్ కోర్టు. మరి గాయపడింది చిన్నపిల్లాడైతే? తలకు దెబ్బ తగిలి తన మంచిచెడ్డలు తాను చెప్పుకోలేని మనిషైతే? రాజీకి ఒప్పుకోవాల్సింది ఎవరు?

నాకిది మా ఇంట్లోనే తెలిసింది. మా చిన్నాయన కొడుక్కి తొమ్మిదేళ్లప్పుడు యాక్సిడెంట్ అయింది. నడుస్తాడు, నవ్వుతాడు. కానీ పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి గుర్తుండదు. ఆస్పత్రి కోసం తెచ్చిన అప్పుకు మిత్తి పెరుగుతోంది. అప్పుడే ఇన్సూరెన్స్ కంపెనీ ఒక మొత్తం చెప్పి రాజీకి రమ్మంది. చిన్నాయన సరే అన్నాడు.

జడ్జి గారు సరే అనలేదు. పిల్లాడికి ముందుముందు ఎంత ఖర్చవుతుందో డాక్టర్ కాగితం తెమ్మన్నారు. "పైసలు చేతికొస్తుంటే ఈ సారు అడ్డం పడుతున్నడేంది?" అని చిన్నమ్మ కోర్టు మెట్ల మీదే ఏడ్చింది.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32, రూల్ 7 చెప్పేది ఇదే. మైనర్ తరఫున కేసు నడిపేవాళ్లు, కన్నతండ్రైనా సరే, కోర్టు అనుమతి లేకుండా రాజీ పడకూడదు. పడితే దాన్ని రద్దు చేయించుకునే హక్కు ఆ మైనర్‌కు ఉంటుంది. ఇది పిల్లాడికి మేలే అని అఫిడవిట్ ఇవ్వాలి, లాయర్ ఉంటే ఆయన సర్టిఫికెట్ కూడా. అవన్నీ ఉన్నా జడ్జి సొంతంగా పరిశీలించొచ్చు. మతిస్థిమితం లేని పెద్దవాళ్లకూ రూల్ 15 ప్రకారం ఇదే రక్షణ. మా ఆఫీసులో ఎంత సీనియర్ రాసిన కోడ్ అయినా ఇంకొకరు రివ్యూ చేయనిదే ప్రొడక్షన్‌లోకి వెళ్లదు. అలాంటిదే ఇది.

ఆ రివ్యూ ఎందుకంటే, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానిమీద అప్పీలు ఉండదు. 2007లో ట్రాక్టర్‌ను ట్రక్కు ఢీకొట్టి 12 ఏళ్ల అమ్మాయి మెదడు దెబ్బతిన్న కేసులో హైకోర్టు రూ.25.78 లక్షలు ఇస్తే, 2020లో సుప్రీంకోర్టు దాన్ని రూ.62.27 లక్షలకు పెంచింది. ఆమెను చూసుకోవడానికి ఇద్దరు మనుషుల ఖర్చూ అందులో లెక్కకట్టింది. మనింట్లో ఆ పని అమ్మ చేస్తుంది. కాబట్టి ఎవరూ లెక్క రాయరు.

మా వాడి కేసులో రెండు వాయిదాల తర్వాత కంపెనీ మొత్తం పెంచింది. అయితే ఎక్కువ భాగం వాడి పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి పోయింది. మైనర్ల డబ్బు అలాగే ఉంచాలని, దానిమీద బ్యాంకు అప్పు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. వైద్యానికి కావాలంటే ట్రైబ్యునల్‌ను అడిగి తీసుకోవచ్చు. చిన్నాయన మాత్రం ఇప్పటికీ పాత అప్పు కడుతున్నాడు. ఆ బాధ అబద్ధం కాదు. కానీ ఆ డబ్బు చిన్నాయనది కాదు, వాడిది. అమ్మానాన్నలు లేని రోజున కూడా వాడికి అన్నం పెట్టాల్సింది అదే.

మీ వాళ్లకు ఇలాంటి కష్టం వస్తే, రాజీ మాట వచ్చేలోపే మందులు, ఫిజియోథెరపీ, చూసుకునే మనిషి ఖర్చు ఫోన్‌లో నెలనెలా రాసి పెట్టండి. బిల్లులు ఫొటో తీయండి. పిల్లలకు, వికలాంగులకు ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, 15100కు ఫోన్ చేయండి. జడ్జి అడిగే ప్రశ్నకు జవాబు ఇంట్లోంచే రావాలి.