ఆల్చిప్ప గుండె

పిల్లలూ! విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీరు చూచే ఉంటారు. అక్కడ మొదటి ఆనకట్ట 1855లో పూర్తయింది. ఇప్పటి బ్యారేజీ 1957 నాటిది. అక్కడినుంచి బందరు రోడ్డున కంకిపాడు దాటి పోతే ఎటు చూచినా పిల్లకాలువలే. వేసవిలో కాలువలు కట్టేస్తారు. అప్పుడు అడుగు బురదలో ఆల్చిప్పలు బయటపడతాయి.

నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో, వేసవి సెలవులకు ముందు, పిల్లలను అటువంటి కాలువకు తీసుకు వెళ్ళాను. ఒక అమ్మాయి గట్టిగా మూసుకున్న ఆల్చిప్పను తెచ్చి, "ఇది బ్రతికే ఉందా, మాస్టారూ?" అని అడిగింది. తట్టి చూచాను. చలనం లేదు.

"చచ్చిపోయిందమ్మా, ఇక గుల్లసున్నానికే పనికొస్తుంది" అన్నాను.

ఆ అమ్మాయి మాట్లాడకుండా దాన్ని ఇంటికి తీసుకుపోయి, చెరువునీళ్ళు పోసిన కుండలో వేసింది. మర్నాడు కుండతో సహా బడికి వచ్చింది. చూద్దును కదా, చిప్ప కాస్త తెరుచుకుని, నాలుకలాంటి కాలు బయటికి చాచి ఉంది! క్లాసంతా నా వంక చూచింది.

నేను తలకిందులుగా చెప్పాను. రెండు చిప్పలనూ కలిపే బందు స్ప్రింగులాంటిది. అది ఎప్పుడూ చిప్పలను తెరవాలనే చూస్తుంది. మూసి పట్టుకునేవి లోపలి కండరాలు. ప్రాణం పోతే పట్టు సడలి చిప్ప నోరు తెరుస్తుంది. అంత గట్టిగా మూసుకున్నదంటే లోపల గుండె కొట్టుకుంటున్నదన్నమాటే!

ఆ గుండె బందుకు కాస్త కిందుగా, పలుచని సంచిలో ఉంటుంది. మన గుండెకు నాలుగు గదులు, దీనికి మూడే. మొప్పలనుంచి వచ్చే రక్తం రెండు పక్కగదుల్లో చేరి నడిమి గదిలోకి పోతుంది. నడిమి గది ముడుచుకుని దాన్ని ముందుకూ వెనక్కూ నెడుతుంది. రక్తానికి ఎరుపు రంగు లేదు. కాలు చాచడానికి కూడా ఈ రక్తమే సాయం. రక్తం నిండితే కాలు ఉబ్బి సాగుతుంది. మరొక వింత: మన కాలువల ఆల్చిప్పకు పేగు ఆ నడిమి గదిలోగుండానే పోతుంది! సముద్రంలో దొరికే తినే ఆయిస్టర్లకు పేగు గుండె పక్కనుంచి పోతుంది.

చిప్ప మూసుకుంటే కొత్త నీరు రాదు, ప్రాణవాయువు అందదు. అప్పుడు గుండె బాగా నెమ్మదిస్తుంది. ఉన్నదాంతోనే పొదుపుగా గడుపుతుంది. మళ్ళీ నీటిలో తెరుచుకోగానే, బాకీ తీర్చుకుంటున్నట్టు చకచక కొట్టుకుంటుంది.

ఆ అమ్మాయి సెలవులన్నీ కుండలో నీళ్ళు మారుస్తూ దాన్ని సాకింది. కాలువకు నీళ్ళు వదిలాక నన్ను వెంటబెట్టుకుని పోయి, ఒడ్డుపక్క లోతులేని చోట వదిలింది. అది కాలు చాచి బురదలోకి దిగబడడానికి గంటకు పైగా పట్టింది. ఇద్దరం గట్టుమీద కూర్చునే ఉన్నాం.