కట్టాల్సిన తేదీ

మా ఇంటి తలుపు వెనక గోడ మీద బొగ్గుగీతలు ఉండేవి. గీతకి వంద రూపాయలు లెక్క. మా అమ్మకి సంతకం పెట్టటం కూడా రాదు గానీ ఎవరి దగ్గర ఎంత తెచ్చిందో, ఎంత తీర్చిందో ఆ గీతల్లోనే దాచుకునేది. తీరిపోయిన గీత మీద అడ్డంగా ఇంకో గీత కొట్టేది. పండక్కి గోడలన్నిటికీ సున్నం వేసినా ఆ మూరెడు జాగా మాత్రం వదిలేసేది. నా చదువుకి జమాఖర్చుల పుస్తకం ఆ గోడే.

మాది మాదిగపల్లె. మా తాత చెప్పులు కుట్టాడు, మా నాయన మిరపచేలల్లో కూలికి పోయాడు. డిగ్రీ పట్టా అంటే ఏ సైజు కాయితమో మా ఇంట్లో చూసిన మొదటోణ్ణి నేను. ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తున్నాను. నెలనెలా జీతం వస్తుంది. ఒకటో తారీఖు దాటి నాలుగు రోజులైతే మా సార్లందరం ఉపాధ్యాయ సంఘాల్లో కేకలేస్తాం, పేపర్లకి ప్రకటనలిస్తాం. తప్పు అనను. ఈఎంఐలు ఉంటాయి గదా మరి.

2024 మే నెలలో ఒకామె మా ఇంటికొచ్చింది. నేను పనిచేసే ఊరి మాదిగపల్లె ఆమె. ఆమె కూతురు మా బళ్ళో టెన్తు చదివి, గురుకులంలో ఇంటరు చదివింది. జేఈఈ మెయిన్‌లో ఎస్సీ కోటాలో ఎన్.ఐ.టి. సీటొచ్చే ర్యాంకు తెచ్చుకుంది. నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు, గడప పక్కనే కూర్చుంది. నేనూ వచ్చి ఎదురుగా కింద కూర్చున్నాక అప్పుడడిగింది.

"ఒక్క రూపాయి కట్టకుండా చదివించే కాలేజీ ఏదన్నా ఉంటే చెప్పు సారూ. సగం కట్టమనే కాలేజీ వద్దు. సగం నేను తేలేను."

"ఫీజు లేదక్కా. ఎస్సీ పిల్లలకి అక్కడ ఫీజు మాఫీ" అన్నాను. ఐఐటీల్లో 2016లో ఏడాది ఫీజు 90 వేల నుంచి 2 లక్షలు చేసినప్పుడు ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకి పూర్తిగా తీసేశారు. ఎన్.ఐ.టి.ల్లోనూ మనకి ట్యూషన్ ఫీజు లేదు. ఇదంతా మంచి సార్‌లాగా గుక్కతిప్పుకోకుండా చెప్పాను.

ఆమె అంతా విని, "ఫీజు కాదు తమ్ముడా నేనడిగేది. పిల్ల తినాల, ఉండాల, పోయి రావాల. మొదటి రోజు గేటు కాడ ఎంత అడుగుతారో అది చెప్పు" అంది.

సారూ అన్న మనిషి తమ్ముడా అనేసరికి నా పాఠం ఆగిపోయింది. నోటుపుస్తకం తెచ్చి గీతలు కొట్టాను. ఒక పక్క కాలేజీ పేరు, ఒక పక్క ఫీజు. ఆమె చెప్తుంటే ఇంకా గళ్ళు పెరిగాయి. మెస్సు, హాస్టలు డిపాజిట్టు, రైలు చార్జీలు, పుస్తకాలు, దుప్పటీ బకెట్టూ, ఫోను. చివర్న ఆమె ఇంకో గడి వేయించింది: పిల్లని దింపి రావటానికి తనకి పోయే మూడు రోజుల కూలి. ఇన్నేళ్ళు పిల్లలకి కాలేజీలు చెప్తున్నాను, ఆ గడి నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఆ రాత్రి కూర్చుని వెతికాను. వెతికితే దారులు లేకపోలేదు. ట్రిపుల్ ఐటీలున్నాయి. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో పెట్టారు. పదో తరగతి మార్కుల మీద ఆరేళ్ళ చదువు, హాస్టలూ తిండీ అక్కడే. సర్కారు బడి పిల్లలకి గ్రేడు పాయింట్లకి 0.4 కలిపే పద్ధతి కూడా పెట్టారు. మనబోటి పల్లెల నుంచి అక్కడికి పోయి బాగుపడ్డ పిల్లలు నాకు తెలుసు. ఈ పిల్లకి రెండేళ్ళ కింద అది కొద్దిలో తప్పిపోయింది. బెంగుళూరులో అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఉంది. ఇంటి ఆదాయాన్ని చూసి ఫీజుతో పాటు వసతికీ భోజనానికీ కూడా సాయం చేస్తారు. అది తెలిసేటప్పటికి దరఖాస్తుల గడువు అయిపోయింది. పైగా అక్కడ ఇంజనీరింగు లేదు. అమెరికాలో హార్వర్డు లాంటి కొన్ని కాలేజీలైతే వేరే దేశం పిల్లలకి కూడా 'పూర్తి అవసరం' తీరుస్తామని రాసే పెట్టుకున్నాయి. వాళ్ళ లెక్కలో అవసరమంటే ఫీజొక్కటే కాదు, గది, తిండి, పుస్తకాలు, దారి ఖర్చులు అన్నీ కలుపుతారు. అది చదివి నవ్వొచ్చింది. గడప పక్కన కూర్చుని ఆమె వేయించిన గళ్ళు అవే. వాళ్ళు కూలి గడి మాత్రం మర్చిపోయారు.

మన రాష్ట్రం సంగతి మనకి తెలిసిందే. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంటు 2008 తర్వాత అన్ని కులాల పేద పిల్లలకీ వచ్చింది. 2019 తర్వాత విద్యాదీవెన అని తల్లుల ఖాతాల్లో వేశారు, వసతిదీవెన అని డిగ్రీ పిల్లలకి ఏడాదికి 20 వేలు, పాలిటెక్నిక్‌కి 15 వేలు, ఐటీఐకి 10 వేలు అన్నారు. అదే ప్రభుత్వం 2020 చివర్లో జీవో 77 తెచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్ళకి ఎత్తేసింది. 2024లో ప్రభుత్వం మారింది, డబ్బు మళ్ళీ కాలేజీలకే అన్నారు. ఖాతా ఎవరిదైనా ఒక్కటి మాత్రం మారలా. కాలేజీ అడిగేది జూన్‌లో, సర్కారు ఇచ్చేది ఎప్పుడో.

ఈ 'ఎప్పుడో' అంటే ఏంటో నాకు బాగా తెలుసు. 2010లో ఒక ప్రైవేటు కాలేజీలో బి.ఎడ్. చేరాను. ఫీజంతా రీయింబర్స్‌మెంటే, నీకు సంబంధం లేదన్నారు. చేరేటప్పుడు టెన్తు నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకున్నారు. 2012లో డీఎస్సీ రాశాను, లిస్టులో పేరొచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలనకి నాలుగు రోజులు టైము. కాలేజీకి పోతే ఆఫీసులో ఆయన తల ఎత్తకుండానే, గవర్నమెంటు నుంచి నీ బకాయి రాలేదు, తొమ్మిది వేల ఐదొందలు కట్టి తీసుకుపో, సర్కారు డబ్బులొస్తే నీకు తిరిగిస్తాం అన్నాడు. అది సర్కారు బాకీ గదా సార్ అన్నాను. "మీకేమయ్యా, అన్నీ ఫ్రీయే" అన్నాడు పక్క కుర్చీలో ఆయన. ఇద్దరూ నవ్వారు.

ఫ్రీ అంటే ఏంటో ఆ రోజు సాయంత్రం తెలిసింది. మా అమ్మ పాడిబర్రెని తోలుకుపోయి ఇచ్చేసింది. ఈనటానికి నెలన్నర ఉంది. ఇంకో రెండు నెలలాగితే ఇరవై వేలు పలికే గొడ్డు. కొన్నాయనకి మా తొందర తెలుసు, పదకొండు వేలిచ్చాడు. కట్టుతాడు నాయన చేతిలోనే ఉండిపోతే, అది కూడా బేరంలోదే అని వెనక్కొచ్చి మరీ పట్టుకుపోయాడు. నాలుగో రోజు సర్టిఫికెట్లు చూపించాను, ఉద్యోగం వచ్చింది. కాలేజీ వాళ్ళు ఆ తొమ్మిదిన్నర వేలు ఈ రోజుకీ తిరిగివ్వలేదు. అది పోయినా బాధ లేదు గానీ, బర్రె మీద పోయిన తొమ్మిది వేలు ఏ జీవోలో ఉంది? ఏ ఆడిటులో వస్తుంది? నా చదువుకి ప్రభుత్వం పూర్తిగా ఖర్చు పెట్టిందని కాయితాల్లో ఉంది. నిజమే. ఆలస్యానికి మా అమ్మ ఖర్చు పెట్టింది.

ఆ పిల్ల సంగతికి వస్తాను. జూన్ 20న మొదటి విడతలో పక్క రాష్ట్రంలో ఎన్.ఐ.టి. సీటు వచ్చింది. సీటు నిలబెట్టుకోవాలంటే 24వ తేదీ సాయంత్రం 5 గంటల లోపు 17,500 కట్టాలి. తర్వాత లెక్కలో సర్దుతారు, కానీ ముందు కట్టాలి. ఫీజు మాఫీ అయిన పిల్ల దగ్గర ముందు కట్టించుకోవటమేంటని అడగటానికి అక్కడ మనిషి ఉండడు, కంప్యూటరుంటుంది. ఆమె డ్వాక్రా గ్రూపులో నాలుగు వేలు తెచ్చింది. వాళ్ళన్న రెండు వేలు పంపాడు. మిగతాది నేను వేశాను. ఒక రోజు ముందే నా ఫోనులో కట్టేశాం. కట్టినట్టు మెసేజీ వచ్చేదాకా ఆమె ఆ ఫోను వంకే చూస్తా నిలబడింది.

అదే 24వ తేదీ, అదే 5 గంటలు, అదే 17,500. ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక దళిత దినకూలీ కొడుకు. ధన్‌బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు సీటు. ఊళ్ళో వాళ్ళూ వీళ్ళూ కలిసి డబ్బు కూడేసేటప్పటికి సాయంత్రం అయింది, కడుతుండగానే టైము దాటిపోయింది. సీటు పోయింది. ఆ కుర్రాడు ఎస్సీ కమిషన్‌కి పోయాడు, జార్ఖండ్ పోయాడు, మద్రాసు హైకోర్టుకి పోయాడు, ఆఖరికి సుప్రీంకోర్టు సెప్టెంబరు 30న సీటివ్వమని చెప్పింది. పేపరంతా కోర్టు దయ గురించి రాసింది. నేను ఆ వార్తని స్టాఫురూములో చదివి, మూడుసార్లు 17,500 అంకె దగ్గరే ఆగాను. ఆమె గ్రూపు మీటింగు 25న ఉండుంటే?

అంబేడ్కర్ గురించి మన సభల్లో చాలా చెప్తాం. బరోడా మహారాజు 1913లో ఆయన్ని కొలంబియాకి పంపినప్పుడు ఇచ్చింది నెలకి పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళు. బదులుగా పదేళ్ళు సంస్థానంలో కొలువు చెయ్యాలని ఒప్పందం. 1917లో గడువు తీరేసరికి లండన్ చదువు మధ్యలో వదిలేసి తిరిగి రావాల్సొచ్చింది. మళ్ళీ 1920లో పోయింది సొంతంగా కూడబెట్టిన డబ్బుతో, కొల్హాపూర్ శాహూ మహారాజ్ సాయంతో, నావల్ భతేనా అనే స్నేహితుడి దగ్గర అప్పుతో. అంత చదువరికి కూడా పూర్తి అవసరం ఎవరూ తీర్చలేదు. గోడ మీద బొగ్గుగీతలు ఆయనకీ ఉన్నాయి.

మన గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల 2016 జనవరిలో రాసిపెట్టి పోయిన ఉత్తరంలో కూడా లెక్క ఉంది. ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై ఐదు వేలు రావాల్సి ఉందనీ, ఒక స్నేహితుడికి తను ఇవ్వాల్సింది ఉందనీ. ఆ ఉత్తరంలో నక్షత్రాల గురించి అందరూ మాట్లాడారు. నాకు ఆ ఏడు నెలలే మనసులో ఉండిపోయాయి. ఏడు నెలలు జీతం రాకపోతే మేం సార్లం ఏం చేసేవాళ్ళం? స్కాలర్‌షిప్పు ఆలస్యమైతే మాత్రం దాన్ని 'సాంకేతిక కారణాలు' అంటాం. నేను కూడా పిల్లలతో అదే మాట అన్నాను చాలాసార్లు, వస్తుందిలే అమ్మా అని.

ఆ పిల్ల చేరింది. మెస్సుకీ హాస్టలుకీ సెమిస్టరుకి పాతిక వేల పైనే. టాప్‌క్లాస్ స్కాలర్‌షిప్పుకి అప్లై చేయించాను. దొరికితే మొదటి ఏడాది 86 వేలు, తర్వాత ఏడాదికి 41 వేలు చదువు ఖర్చులకి ఇస్తారు. మంచి పథకమే, కాకపోతే కాలేజీకి ఇన్నని లెక్కపెట్టి ఇస్తారు. పిల్లకి వచ్చింది. వచ్చేసరికి రెండో సెమిస్టరు సగమైంది. ఈలోపు మెస్సు బకాయి ఉన్నవాళ్ళ పేర్లు బోర్డు మీద పెట్టారట. "నా పేరు పైనుంచి మూడోది సార్, అది తప్ప ఇంకెక్కడా నేను మొదటి పదిలో లేను" అని ఫోనులో నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మేం నలుగురు సార్లం, మాల మాదిగ తేడా లేకుండా తలా ఇంత వేసి ఆ నెల గట్టెక్కించాం. ఇది సాయమని చెప్పుకోవటానికి రాయట్లేదు. నలుగురు సార్ల జేబులో నుంచి తీసి కట్టేదాన్ని ప్రభుత్వ పథకం అనకూడదని రాస్తున్నాను.

వాళ్ళమ్మ నెలనెలా ఐదొందలు తెచ్చిస్తుంది. వద్దక్కా అంటే వినదు. "నీకు వద్దేమో తమ్ముడా, నాకు తీరాల" అంటుంది. తీసుకుని రాసిపెడుతున్నాను. మొన్న వచ్చినప్పుడు చిన్నపిల్లని కూడా తీసుకొచ్చింది, టెన్తుకొచ్చింది అది. ఈసారి కాలేజీ పేరు అడగలేదు.

"ఏ నెల్లో ఎంత కట్టాల్సొచ్చుద్దో ఇప్పుడే రాసివ్వు. కోతలు ఉండగానే దాస్తాను" అంది.

చిన్నపిల్ల నా చేతిలో పుస్తకం తీసుకుని తనే గళ్ళు గీసింది. జూన్ దగ్గర మొదలుపెట్టి చెప్తున్నాను.