ఒడ్డు మీద నాలుగ్గంటలు

‘నువ్వూ నాన్నా వెళ్లిరండే. నేనిక్కడే కిటికీ దగ్గర కూర్చుని నది చూస్తుంటాను’ అంది అమ్మ. నేను సరేనన్నాను. అలా ఎలా అన్నానా అని ఇప్పటికీ అనిపిస్తుంటుంది.

అమ్మానాన్నల పెళ్లయి నలభై ఏళ్లయిందని మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు వాళ్లకి డాన్యూబ్‌ నది మీద వారం రోజుల క్రూజ్‌ టిక్కెట్లు కొన్నాడు. జర్మనీలోని పసావ్‌లో ఎక్కితే ఆస్ట్రియా, స్లొవేకియాల మీదుగా హంగరీలోని బుడాపెస్ట్‌లో దింపుతారు. వాడికి సెలవు దొరక్కపోవడంతో తోడుగా నేను బయల్దేరాను. నాలుగూ షెంజెన్‌ దేశాలే కాబట్టి ఒక్క వీసా చాలు. ఎక్కువ రోజులు ఎక్కడుంటామో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. మాకు అది ఆస్ట్రియా.

సముద్రం మీద తిరిగే ఓడలు ఊరికి దూరంగా రేవుల్లో ఆగుతాయి. నది ఓడ అలా కాదు, చాలాచోట్ల ఊరి మధ్యలోనే ఆగుతుంది. మెట్లు దిగితే వీధే! అందుకే ఆశ పెరిగిపోతుంది. ఒక ఊళ్లో నాలుగ్గంటలు, ఇంకో ఊళ్లో ఆరు... అంతలోనే అన్నీ చూసేయాలనిపిస్తుంది. నెల ముందు నుంచే నోట్‌బుక్‌ పెట్టుకుని నిమిషాలతో సహా రాసుకున్నాను. 8.30కి దిగడం, 9కి చర్చి, 10.15కి మ్యూజియం... ధవళేశ్వరంలో ఇరిగేషన్‌ శాఖలో పనిచేసి రిటైరైన నాన్న అది చూసి ‘మంత్రిగారి పర్యటనలా ఉందేంటమ్మాయ్‌’ అని నవ్వారు. నేను పట్టించుకోలేదు.

పసావ్‌కి ఓడ ఎక్కాల్సిన రోజు పొద్దున్నే చేరుకున్నాం. ఇన్‌, ఇల్స్‌ నదులు వచ్చి డాన్యూబ్‌లో కలిసేది అక్కడే. సెయింట్‌ స్టీఫెన్‌ చర్చిలో దాదాపు 18 వేల గొట్టాలున్న ఆర్గన్‌ ఉంది. మే నుంచి అక్టోబరు దాకా ఆదివారాలూ సెలవులూ తప్ప మధ్యాహ్నం కచేరీ చేస్తారు. దానికోసం ఇద్దర్నీ రాళ్లు పరిచిన ఎత్తు వీధుల్లో పరిగెత్తించాను. దారిలో టౌన్‌హాలు గోడ మీద ఏయే సంవత్సరం వరద ఎంతెత్తుకి వచ్చిందో గీతలు గీసి ఉన్నాయి. 2013 నాటి గీత నా తలకి చాలా పైన ఉంది. నాన్న అక్కడ ఆగి 1986 గోదావరి వరద గురించి మొదలుపెట్టారు. ‘టైమవుతోంది నాన్నా’ అని లాక్కుపోయాను. కచేరీ అందుకున్నాం కానీ, ఆ రాత్రికి అమ్మ మోకాళ్లు వాచిపోయాయి.

మర్నాడు పొద్దున మెల్క్‌ దగ్గర ఆగినప్పుడు అమ్మ ఆ మాటంది. పాపికొండల లాంచీ పేరంటాలపల్లిలో ఆగినప్పుడు కూడా అంతే, ‘మీరు చూసి రండి’ అని అరటిపళ్ల సంచీతో లాంచీలోనే కూర్చుండిపోయేది. అలవాటైన మాటే కదా అనుకున్నాను. దిగేటప్పుడు రిసెప్షన్‌లో కార్డు తీసుకోవాలి, వచ్చాక ఇచ్చేయాలి. ఎవరు ఇంకా రాలేదో వాళ్లకి తెలిసేది దానివల్లే. నాన్నా నేనూ రెండు కార్డులు తీసుకుని వెళ్లాం. 1089 నాటి మఠం, బంగారు పూతల చర్చి, పెద్ద లైబ్రరీ... అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్న టైముకే చూసేశాం.

తిరిగొచ్చేసరికి మా ఓడ పక్కనే ఇంకో ఓడ ఆనుకుని ఉంది. రేవులో చోటు చాలనప్పుడు ఇలా రెండు, మూడు ఓడల్ని ఒకదాని పక్కన ఒకటి కట్టేస్తారు. బయటి ఓడవాళ్లు లోపలి ఓడలోంచే నడిచి ఒడ్డుకి వెళ్తారు. ఇవన్నీ చదివే వెళ్లాను. అది అమ్మ కిటికీకి అడ్డంగా వస్తుందని మాత్రం తట్టలేదు. గదిలోకి వెళ్తే అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా బారెడు దూరంలో ఎవరిదో గది, వేసి ఉన్న గోధుమరంగు పరదా. అంతే.

‘ఎప్పుడొచ్చిందమ్మా ఇది?’

‘మీరలా వెళ్లారు, ఇదిలా వచ్చింది.’

మూడు గంటలు! పైన డెక్‌ మీదకి వెళ్లొచ్చు కదా అంటే ‘మెట్లు కదా’ అంది. కాసేపాగి ‘అక్కడ కూర్చోడానికి బెంచీలవీ ఉన్నాయా?’ అనడిగింది. ఉన్నాయి. మఠం తోటలో చెట్ల కింద చక్కటి బెంచీలున్నాయి. బస్సు కొండమీది దాకా వెళ్తుంది కూడా. టిక్కెట్‌ ధర, తెరిచే వేళ, ఫొటోలు తీయనిస్తారో లేదో... అన్నీ కనుక్కున్నాను. బెంచీ సంగతి కనుక్కోలేదు. పెళ్లిరోజు అమ్మది, టైంటేబుల్‌ నాది. నాన్న ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

మధ్యాహ్నం డ్యూర్న్‌స్టైన్‌. ఇంగ్లండు రాజు రిచర్డ్‌ని 1192లో బంధించిన కోట శిథిలాలు కొండ మీదున్నాయి. ఎక్కాల్సిందేనని రెండు గీతలు గీసి పెట్టుకున్నాను. నాన్నని ఒక్కరినే పంపించి, అమ్మని చెయ్యి పట్టుకుని నది ఒడ్డున బెంచీ దాకా తీసుకెళ్లాను. నాలుగడుగులకోసారి ఆగుతూ వెళ్లాం. జులై నెల, వాకావ్‌ లోయంతా ఆప్రికాట్లు పండే కాలం. ఓ చిన్న అంగట్లో బుట్టెడు కొన్నాం. అమ్మ ఒకటి కొరికి, గింజ చేతిలోకి తీసుకుని తిప్పితిప్పి చూసింది. ‘ఇదేంటే... ఖుబానీ కదూ!’ అంది. హైదరాబాద్‌ వచ్చిన కొత్తలో పక్కింటావిడ దగ్గర ఖుబానీ కా మీఠా నేర్చుకున్న మనిషి, ఇన్నేళ్లూ ఎండిపోయిన పండునే చూసింది. ‘పచ్చిది ఇలా ఉంటుందన్నమాట’ అంటూ ఆరు పళ్లు తినేసింది. నాన్న చెమటలు కక్కుతూ దిగొచ్చి, కోటలో గోడలు తప్ప ఏమీ లేవన్నారు.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో చాలా కొట్టేశాను. వియన్నాలో 1,441 గదుల షోన్‌బ్రున్‌ రాజసౌధం ముందు పోయింది. పూటకి ఒక్కటే. అది కూడా ముందు కూర్చునే చోటు, టాయిలెట్‌, మెట్లెన్ని... ఇవి కనుక్కున్నాకే. రైష్‌బ్రూకె వంతెన దగ్గర ఓడ దిగి మెట్రోలో ఊళ్లోకి వెళ్లాం. రింగ్‌రోడ్డు మీద తిరిగే ట్రామ్‌ ఎక్కి కిటికీలోంచే పార్లమెంటు, ఒపేరా చూశాం. తర్వాత ఒక కాఫీహౌస్‌. అక్కడ కాఫీతోపాటు చిన్న పళ్లెంలో గ్లాసు మంచినీళ్లు కూడా తెస్తారు. ఒక్క కప్పుతో ఎంతసేపు కూర్చున్నా లేవమనరు. అమ్మకి వియన్నా మొత్తంలో నచ్చింది అదే.

ఇంకో సంగతి. ఓడ ఎన్నింటికి కదులుతుందో కాదు, ఎన్నింటికల్లా లోపలుండాలో రాసుకోండి. సాధారణంగా అరగంట ముందే రమ్మంటారు. ఒక్కోసారి రేవు కూడా మారుతుంది, కాబట్టి ఓడ ఫోన్‌ నంబరు జేబులో ఉండాలి. అక్కడ ఆదివారం దుకాణాలు చాలావరకు మూసేస్తారు. మందులూ మాత్రలూ శనివారమే కొనుక్కోండి. మేం మోకాళ్లకి పట్టీ కోసం తిరిగింది ఆదివారమే.

బ్రటిస్లావా పాత ఊరు ఒడ్డుకి దగ్గరే. అమ్మ తనే నడిచింది. ఆ రాత్రి నాన్న పడుకోలేదు. కారణం గబ్చీకొవొ లాకులు. 275 మీటర్ల పొడవున్న తొట్టిలోకి ఓడ వెళ్తుంది, తలుపులు మూసి నీళ్లు వదులుతారు, ఓడ దాదాపు 20 మీటర్లు కిందికి దిగుతుంది. ఇదేదీ నా నోట్‌బుక్‌లో లేదు. దీనికి ఒడ్డు దిగక్కర్లేదు, టిక్కెట్టూ లేదు. అమ్మని నెమ్మదిగా ముందువైపు డెక్‌ మీదకి తీసుకొచ్చి కుర్చీ వేశాం. తడిసిన గోడ మెల్లమెల్లగా మా పక్కన పైకి లేస్తున్నట్టుంది.

‘మన ధవళేశ్వరం లాకుల్లో పడవ కూడా ఇలాగే దిగేదాండీ?’

‘ఇలాగే. కాకపోతే ఇంత లోతు కాదు, తలుపులు మనుషులు తిప్పేవాళ్లు’ అంటూ నాన్న కుర్చీ పక్కనే నిలబడి చేతులతో చూపించడం మొదలుపెట్టారు. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆయన ఉద్యోగం గురించి అమ్మ అంతసేపు వినడం నేను చూడలేదు.

నీళ్లు అడుగంటాక ముందు తలుపులు తెరుచుకున్నాయి. అమ్మ శాలువా సర్దుకుంటూ ‘రేపు బుడాపెస్ట్‌లో ఎన్నింటికి దిగాలే?’ అంది.

‘నువ్వెప్పుడంటే అప్పుడు.’

‘అయితే కాఫీ తాగాక’ అంది.