మా మణి

మా రాయపురం స్టేషన్‌కి ఒక ఘనత ఉంది. దక్షిణ భారతంలో మొదటి ప్రయాణికుల రైలు 1856లో అక్కడినుంచే బయలుదేరింది. పదమూడేళ్ళ క్రితం ఆ స్టేషన్ గోడ పక్కన వానలో తడుస్తున్న కుక్కపిల్లని మా అమ్మాయి ఇంటికి తెచ్చింది. ఈ ఊళ్ళో కుక్కలకు మామూలుగా పెట్టే పేరే పెట్టాం, మణి అని.

అమ్మకి మడి ఎక్కువ. మణిని గడప దాటనివ్వలేదు. కానీ రోజూ వరండాలో పెరుగన్నం పెట్టింది మాత్రం ఆవిడే. నాది బ్యాంకు ఉద్యోగం, మూడేళ్ళకో ఊరు. అమ్మకి తోడు మణే.

నిరుడు మణికి జబ్బు చేసిందని ఫోన్ వచ్చింది. ఖాతాల ముగింపు కదా అని సెలవు వాయిదా వేశాను. "రెండు రోజులు గేటువైపే చూసిందిరా" అంది అమ్మ తరవాత. కుక్కని వదిలి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ చిన్నప్పుడు నాకు చెప్పింది ఆవిడే.

సమాధి కట్టిద్దామన్నాను. "రాయి పెడితే దానికేం ఒరుగుతుందిరా? వీధిలో ఉన్నవాటికి సూదులు వేయించు" అంది.

1996 దాకా ఈ నగరంలో వీధికుక్కల్ని పట్టి చంపేవారు. కెప్టెన్ సుందరంగారు 1959లో స్థాపించిన బ్లూక్రాస్ ఏళ్ళతరబడి పట్టుబట్టాక, చంపడం మాని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు, రేబిస్ టీకాలు మొదలుపెట్టారు.

మొన్న మా వీధిలో అయిదు కుక్కలకు టీకాలు వేయించాం. అమ్మ ఇప్పటికీ వరండాలో పెరుగన్నం పెడుతుంది. ఏది వచ్చి తింటే దాన్నే "మణీ" అని పిలుస్తుంది.