బయానాకి ముందు మేస్త్రీ

మండపేటలో ఇల్లు చూస్తున్నారట కదా! అయితే మధ్యవర్తి ఈపాటికి ఆ మాట అనేసే ఉంటాడు. "సాయంత్రం హైదరాబాదు పార్టీ వస్తున్నారండి, మీరు మనోళ్లని ముందు మీ చెవిన వేస్తున్నాను. ఆయ్!"

ఆ పార్టీ నిజంగా ఉన్నా ఉండొచ్చు. రైస్‌మిల్లులూ కోళ్లఫారాలూ ఉన్న ఊరు, డబ్బు ఆడే ఊరు. పిల్లలు విదేశాల నుంచి పంపే డబ్బు కూడా ఎక్కడో ఒకచోట ఇటుకల్లో పడాల్సిందే. మంచి వీధిలో ఇల్లు బేరానికొచ్చిందంటే నలుగురికీ తెలిసేలోపే బయానా ముట్టేస్తుంది. అందుకే కొనేవాళ్లు కంగారు పడతారు.

కంగారులోనూ కొన్ని మాత్రం మానరు లెండి. సిద్ధాంతిగారొచ్చి ఈశాన్యం చూస్తారు. ప్లీడరుగారు ఈసీ, లింకు డాక్యుమెంట్లు తిరగేస్తారు. లోను పెడితే బ్యాంకువాళ్ల ఇంజినీరు కూడా వస్తాడు. కానీ ఆయన చూసేది వాళ్ల అప్పుకి ఆ ఆస్తి చాలుతుందా అని. మీ పడగ్గది స్లాబు కారుతుందా అని కాదు. గేదెని కొనేటప్పుడు పళ్లు చూస్తాం, పొదుగు చూస్తాం, రెండు పూటలా పాలు పిండించి మరీ చూస్తాం. అంతకి ఎన్నో రెట్లు పోసి కొనే ఇంటిని మాత్రం హాల్లో కూర్చుని కాఫీ తాగి, "గాలీ వెల్తురూ బానే ఉన్నాయండి" అని లేచొచ్చేస్తాం.

ముందుగా ఇల్లు ఏ కాలంలో చూడాలో ఆ సంగతి చెబుతాను. పెళ్లిళ్లూ బదిలీలూ సెలవులూ కలిసొచ్చి మనవాళ్లు ఇళ్లు చూసేది ఎక్కువగా మే నెలలోనే. అప్పటికి ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేసి ఉంటారు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మన డెల్టా బతుకంతా ఈ కాలువల లెక్కే కదా. కాలువలు ఎండిన నెలలో భూమిలో నీరు కిందికి దిగిపోతుంది, గోడలు పొడిగా ఉంటాయి. జూన్‌లో నీళ్లు వదులుతారు, ఊడ్పులవుతాయి, వానలు పడతాయి. శ్రావణమాసం వచ్చేసరికి అదే గోడకి మోకాలెత్తున చెమ్మ ఎక్కి, తెల్లగా ఉప్పు పూసి, సున్నం పొట్టు లేస్తుంది. మేలో మీరు చూసిందీ ఆ ఇల్లే, అబద్ధమేం లేదు. నన్నడిగితే డెల్టాలో ఇల్లు చూడాల్సింది భాద్రపదంలో, అదీ వాన వెలిసిన మర్నాడు.

అంతవరకూ ఆగితే ఇల్లుండదంటారా? నిజమే. అలాంటప్పుడు తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకెళ్లండి. ఒక్క గంట చాలు. మేస్త్రీ చూసే తీరే వేరు. హాలు మొహం చూడడు. తిన్నగా గోడకి కట్టిన అలమర తలుపు తీసి లోపల తల పెడతాడు. అమ్మేవాళ్లు గోడలన్నిటికీ లప్పం పెట్టి రంగేయిస్తారు గానీ, అలమర లోపలా అటక మీదా ఎవరు వేయిస్తారు? చెమ్మ వాసనా, చెద దారీ దొరికేది అక్కడే. తర్వాత నడుమెత్తున టైల్స్ అతికించిన గోడ దగ్గర ఆగుతాడు. "పడగ్గదిలో టైల్సెందుకండీ?" అంటాడు. అందానికేనని ఇంటాయన అంటాడు. మేస్త్రీ వేలు మడిచి ఒక్కో టైలునీ టకటకా కొట్టుకుంటూ పోతాడు. నాలుగు గట్టిగా పలుకుతాయి, ఐదోది డొల్లగా పలుకుతుంది. ఆ వెనక గార వదిలేసిందన్నమాట. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిన పగులుంటే అందులో గోరు దూర్చి చూస్తాడు. వెంట్రుకవాసి గీతైతే గారదేనని వదిలేస్తాడు. గోరు దిగిందా, ఇక పునాది గురించి ప్రశ్నలు మొదలు.

ఇంకోటి, ఇది మేస్త్రీ లేకపోయినా మీరే చూడొచ్చు. వీధిలో నిలబడి రోడ్డు ఎత్తా, గుమ్మం ఎత్తా చూసుకోండి. సిమెంటు రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేసుకుంటూ పోయిన వీధుల్లో, ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇళ్లలోకి ఇప్పుడు దిగి వెళ్తున్నాం. గట్టి వానకి మురుగుకాల్వ ఎటు తిరుగుతుందో వేరే చెప్పాలా? అనుమానమైతే ఎదురింటి మామ్మగారిని కదపండి. 96 తుపాను నాడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అరుగు మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు.

ఈ హడావిడి మనకే అనుకోకండి. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో మనవాళ్లు బోలెడుమంది ఉన్నారు కదా. అక్కడ ఇంటిని పరీక్ష చెయ్యడానికి ప్రభుత్వ లైసెన్సున్న ఇన్‌స్పెక్టర్లున్నారు. కొనేవాళ్లు కొంచెం రుసుము కట్టి, ఒప్పుకున్న కొద్ది రోజుల్లో ఇల్లు చూపించుకుని, వద్దనుకుంటే తప్పుకోవచ్చు. అలాంటిచోట కూడా 2021లో ఒక్కో ఇంటికి పదిమంది ఎగబడేసరికి, ఇల్లు చేజారుతుందేమోనని పరీక్షే వద్దని రాసిచ్చేసినవాళ్లున్నారు. అదీ ఎలాంటి నేల మీద? మన చేలల్లాగే తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే నల్ల బంకమట్టి మీద! ఎండాకాలంలో అక్కడివాళ్లు ఇంటి చుట్టూ చిల్లుల పైపు పరిచి పునాదికి నీళ్లు పెట్టుకుంటారు, తెలుసా? ఈ వరస ముదిరి, పరీక్ష వదులుకుంటేనే ఇల్లిస్తామనే షరతు పెట్టకూడదని మసాచుసెట్స్ రాష్ట్రం 2025 అక్టోబరు నుంచి నిబంధనే తెచ్చింది.

మన దగ్గర చట్టం లేకపోలేదు. మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవాడికి కనబడని పెద్ద లోపం తనకి తెలిసుంటే అమ్మేవాడు చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్లోనే ఉంది. కానీ అమ్మేవాడికి ముందే తెలుసని మీరు రుజువు చెయ్యాలి. రెరా కింద నమోదైన కొత్త అపార్టుమెంటైతే మీ పని కొంచెం తేలిక. స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే చెప్పిన 30 రోజుల్లో బిల్డరే సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి. పాతింటికి ఆ ధీమా లేదు.

అందుకని మేస్త్రీ చెప్పిన మరమ్మతులకి ఎంతవుతుందో ఆయన చేతే కాగితం మీద వేయించుకుని బేరానికి కూర్చోండి. బయానా కాగితంలో కూడా ఒక ముక్క పడాలి: రిజిస్ట్రేషన్‌లోపు స్లాబు కారినా, గోడ చెమ్మెక్కినా ఖర్చు ఎవరిదో. ఆ ముక్క రాయడానికి ఇంటాయన నసిగితే, మీ మధ్యవర్తికి ఫోన్ చేసి ఆ హైదరాబాదు పార్టీ ఎన్నింటికి దిగుతున్నారో కనుక్కోండి.