ఏం బాసూ

ఫిబ్రవరి 3

గాజువాక నుంచి సిందియా వెళ్లే షేర్ ఆటో. డ్రైవరు వెనక్కి తిరిగి, "బాస్, కొంచెం సర్దుకోండి" అన్నాడు. ఆ సర్దుకున్నాయనే దిగేటప్పుడు, "చిల్లర లేదు బాస్, ఫోన్‌పే చేస్తా" అన్నాడు. ఇద్దరిలో ఎవరికి ఎవరు బాసు? అన్నా అనాలంటే వయసు చూడాలి. సార్ అంటే మనం తగ్గినట్టుంటుంది. ఒరేయ్ అంటే గొడవే. బాస్ అనడానికి వయసూ కులమూ ఊరూ ఏదీ తెలియక్కర్లేదు. మా ఊరి రోడ్ల మీద ఈ మాట చేస్తున్న పని చిన్నదేం కాదు.

ఫిబ్రవరి 5

చెవిన పడ్డవి రాసుకుంటున్నాను. "బాస్ ఉన్నాడా?" అని గొంతు తగ్గించి అడిగితే పై అధికారి. "ఏం బాసూ, కనపడ్డమే మానేశావ్" అంటే స్నేహం. దీర్ఘం తీశారంటే చనువు కుదిరిందన్నమాట. "బాస్! సైడ్ స్టాండ్!" అన్నది బండి మీద పోతున్న ముక్కూ మొహం తెలియనివాడి ప్రాణం కాపాడే కేక. "హలో బాస్, లైన్లో రండి" అంటే కయ్యానికి కాలు దువ్వుతున్నట్టే. "పెద్ద బాస్‌లా మాట్లాడకు" అన్నది తిట్టు. చిరంజీవి అభిమానుల నోట ఆ మాటకి ఒక్కడే మనిషి. 2017 నుంచి టీవీలో వస్తున్న బిగ్ బాస్‌కైతే మనిషే లేడు, గొంతొకటే.

ఫిబ్రవరి 8

శ్రీకాకుళం బస్సులో ఒక ముసలమ్మ తన పక్కన చోటు చూపించి, "బావూ, ఇలా కూకో" అంది, మనవడి వయసు కుర్రాడితో. మునుపు భూస్వామినీ బావూ అనే పిలిచేవారు. పైవాడి పిలుపుని పసివాడి దాకా దించడం మనవాళ్లకి ఇంగ్లీషు నేర్పిన విద్య కాదు.

ఫిబ్రవరి 11

షిప్‌యార్డులో ఫిట్టరుగా రిటైరైన మా చిన్నాన్నని అడిగితే వేరే బాస్ సంగతి ఎత్తాడు. ఓడ ప్రొపెల్లర్‌లో రెక్కలన్నీ మొలిచే మధ్య దిమ్మని బాస్ అంటారు. దాని లోపలి బెజ్జం ఒక వైపుకి సన్నబడుతూ పోతుంది. టెయిల్ షాఫ్ట్ కొస కూడా అదే వాలులో ఉంటుంది. రెండూ ఒకదానికొకటి అతికినట్టు కూర్చోవాలి. షాఫ్ట్‌కి నీలం రంగు పల్చగా పూసి బాస్‌ని ఎక్కిస్తారు. మళ్లీ బయటికి లాగి, టార్చి వేసి లోపల చూస్తారు. నీలం ఎక్కడ అంటితే అక్కడ లోహం ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ స్క్రేపర్‌తో గీకాలి, మళ్లీ పూయాలి, మళ్లీ ఎక్కించాలి. చుట్టూ సమంగా నీలం అంటేదాకా ఇదే పని.

"ఓపిక లేనోడికి ఆ పని ఇయ్యరమ్మా" అన్నాడు. చెబుతున్నంతసేపూ బొటనవేలు గాలిలో దేన్నో తడుముతూనే ఉంది.

ఈ బాస్ పాత ఫ్రెంచిలో బొడిపె అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. ఆఫీసు బాస్‌తో దీనికి చుట్టరికం లేదు. ఆ యార్డుకి 1941లో పునాది వేసింది సిందియా కంపెనీ. 1948 మార్చిలో నెహ్రూ అక్కడ కట్టిన 'జల ఉష' ఓడని నీళ్లలోకి దింపారు. కంపెనీ పోయింది, జంక్షన్ ఇంకా సిందియాయే.

ఫిబ్రవరి 16

భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూసి వచ్చాను. గోపురాల్లా నిలబడ్డ గోరీలు, ఉప్పుగాలికి పెచ్చులూడుతున్నాయి. బాస్ అసలు వాళ్ల మాటే, యజమాని అని. అయితే మనకి వాళ్లిచ్చింది కాదు. న్యూయార్కు ఒకప్పుడు డచ్చివాళ్ల న్యూ ఆమ్‌స్టర్‌డామ్. అక్కణ్ణించి అమెరికా ఇంగ్లీషులోకి చేరింది. 'మాస్టర్' అనేది బానిసల నోటి మాట, మేం అనం అని పట్టుబట్టిన తెల్ల కూలీలు దీన్ని అందుకున్నారు. పక్కనే బానిసలు మాస్టర్ అంటూనే ఉన్నారు. డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో భీమిలికి వచ్చి, 1824 ఒప్పందంతో దాన్ని ఇంగ్లీషువాళ్లకి వదిలేశారు. పక్క ఊళ్లోనే ఉన్న మాట మనకి అమెరికా చుట్టి వచ్చిందన్నమాట.

ఫిబ్రవరి 17

అదే మాట దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ల మెడకి కట్టిన బండరాయి అయింది. తలనెరిసిన పనివాడు యజమాని కొడుకుని, బడికెళ్లే పిల్లాణ్ణి, 'చిన్నబాస్' అని పిలవాలి. 1860 నుంచి మద్రాసులో ఓడలెక్కి అక్కడి నేటాల్ చెరకు తోటలకి వెళ్లిన తెలుగువాళ్లలో మన విశాఖ జిల్లావాళ్లూ ఉన్నారు. వాళ్ల మీద అజమాయిషీ చేసినవాణ్ణి మాత్రం సర్దారు అనేవారు. ఇదంతా చదివాక ఆటోలో ఆ మాట అంత తేలిగ్గా వినపడుతుంటే నాకు నిజంగా సంతోషమేసింది. ఏ పెత్తనమూ లేకుండా వాడుకుంటున్నాం.

ఫిబ్రవరి 22

ఫిషింగ్ హార్బర్. పడవ పెద్దకి మన తీరంలో తండేలు అని పేరు. 2025లో సినిమా వచ్చాక రాష్ట్రమంతా తెలిసింది. సరంగు అన్న మాట పారశీకం, మేస్త్రీ అన్నది పోర్చుగీసు. సముద్రం ఇన్ని పెత్తనాల పేర్లు తెచ్చి పడేసింది, ముక్కూ మొహం తెలియనివాణ్ణి పిలిచే మాటగా వీధిన పడ్డది మాత్రం బాస్ ఒక్కటే.

మార్చి 1

నన్నింతవరకు ఎవరూ బాస్ అనలేదు. అమ్మా, అక్కా, మేడమ్. ఆడమనిషిని చుట్టరికమో హోదావో తగిలించకుండా పిలవడం మనకింకా అలవాటు కాలేదు. యూనివర్సిటీ గేటు దగ్గర ఆడపిల్లలు ఒకరినొకరు "బ్రో" అనుకుంటున్నారు. వాళ్లు ఆగేలా లేరు, మంచిది.

మార్చి 4

స్టీల్‌ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసులకి ఆడపేర్లే, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని. అయినా ప్లాంటులో కొత్తగా చేరిన పక్కింటి అమ్మాయిని ఇన్నాళ్లూ మేడమ్ అన్నారు. నిన్న రాత్రి షిఫ్టులో ఏదో కన్వేయర్ ఆగితే, గ్యాంగులో పెద్దాయన "బాస్, ఇటు రండి, బేరింగు చూడండి" అని కేకేశాడట. సంబరపడుతూ చెప్పింది. వాళ్లమ్మకి నచ్చలేదు.

"ఆడపిల్లని బాసంటారేటి?"

"అననీ వదినా. దాని పని చూసి పిలిచారు" అన్నాను.