పాలకుర్తి పెరట్లో మూడు వరసల ఇటుకలు

హైదరాబాద్ నుంచి పాలకుర్తికి రావాలంటే ఉప్పల్‌లో వరంగల్ వైపు పోయే బస్సెక్కి జనగామలో దిగాలి. అక్కణ్ణుంచి ఇంకో బస్సు. ఊరు దగ్గరపడుతుంటే సోమేశ్వర లక్ష్మీనరసింహస్వామి గుట్ట కనిపిస్తుంది. బసవ పురాణం రాసిన పాల్కురికి సోమనాథుడి పేరులో ఉన్నది ఈ ఊరే. పోతన ఊరు బమ్మెర ఇదే మండలంలో ఉంది. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి, తాను పండించిన పంటను కాపాడుకున్న చాకలి ఐలమ్మదీ ఈ ఊరే. పాలకుర్తి గురించి రాసేవాళ్లు సాధారణంగా ఇవి చెప్పి ఆపేస్తారు. నేను మాత్రం మిమ్మల్ని ఇళ్ల వెనకకి, పెరట్లోకి తీసుకెళ్తా.

ఇక్కడి పెరడు అంటే ఒక బోరు నల్లా, బట్టలుతికే బండ, మూలకు కట్టెల పొయ్యి, ఒక జామచెట్టు, వాడిన నీళ్లు పారే చోట నాలుగు అరటి చెట్లు. ప్రతి పెరట్లో ఏదో ఒక చిన్న సుతారి పని మిగిలిపోయి ఉంటుంది. మెట్టు విరిగి ఉంటుంది, లేదంటే తొట్టి కారుతుంటుంది. దానికి మేస్త్రి రాడు. ఆయన తప్పేం లేదు. రోజు కూలీకి పోయే మనిషి పూట పని కోసం రోజంతా వదులుకోలేడు కదా! అందుకే "వస్తా, వస్తా" అంటుండగానే దసరా పోయి సంక్రాంతి వస్తుంది.

మా ఇంట్లో మిగిలిపోయిన పని నల్లా దగ్గరిది. వానాకాలంలో అక్కడ బురద, పాచి. మా నాయనమ్మ రోజూ అక్కడే అంట్లు తోముతుంది. ఆ వయసులో జారిపడితే తుంటి ఎముక విరుగుతుంది, తర్వాత మంచమే. ఆ భయంతోనే ఒక గద్దె కడదామనుకున్నా. 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, నేల మీద ఒక మెట్టంత ఎత్తు. నేను చదివింది కంప్యూటర్ సైన్స్, తాపీ ఎప్పుడూ పట్టలేదు. పక్క గల్లీలో పని మానేసి ఇంటిపట్టున ఉంటున్న ఒక మేస్త్రి తాత ఉన్నాడు. ఆయనకు కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, దగ్గరుండి చెప్పమన్నా.

మనం చేయగలిగేది, చేయకూడనిది

తాత మొదట చెప్పింది ఇదే: "మోకాలు దాటే పనికి పోకు."

దీంట్లో చాలా అర్థం ఉంది. గద్దె, మెట్టు, చెట్టు చుట్టూ దిమ్మె, మొక్కల మడికి అంచు... ఇవి చెడిపోతే మళ్లీ కట్టుకోవచ్చు. ప్రహరీ గోడ, కప్పు మోసే గోడ, నీళ్ల ట్యాంకు దిమ్మె, సెప్టిక్ ట్యాంకు చెడిపోతే మనిషి మీద పడతాయి. అవి తెలిసినవాళ్లే కట్టాలి. ఇంకోటి, తవ్వే ముందు బోరు మోటారు వైరు, నీళ్ల పైపు ఎటు పోతున్నాయో చూసుకుని, మెయిన్ స్విచ్ ఆపేయాలి.

సామాన్లు

ఈ కొలతకు 80 ఇటుకలు, 2 బస్తాల సిమెంటు, ఇసుక, కంకర, నింపడానికి కాస్త మొరం చాలు. పనిముట్లు తాపీ, పార, తట్ట, గుండు, మూలమట్టం, రసమట్టం, గట్టి దారం. చేతులకు రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. తడి సిమెంటులో క్షారం ఉంటుంది, చర్మాన్ని కాలుస్తుంది.

ఇసుకకు ఒక చిన్న పరీక్ష ఉంది. గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి బాగా ఊపి పక్కన పెట్టండి. కాసేపటికి ఇసుక అడుక్కి పోతుంది, సన్నమట్టి దాని మీద పొరగా పేరుకుంటుంది. ఆ పొర మందంగా ఉంటే ఆ ఇసుక వద్దు. తాతకు సీసా అక్కర్లేదు. పిడికిట్లో పిసికి, చెయ్యి విప్పి చూసి చెప్పేస్తాడు.

కనిపించని పని

మొదటి శనివారం అంతా తవ్వడానికే పోయింది. గద్దె అంచు వెంబడి 8 అంగుళాల లోతు కాలువలా తీశాం. మాది ఎర్ర చెలక నేల కాబట్టి పని కాస్త సులువు. రేగడి అయితే వానకు ఉబ్బి ఎండకు పగుళ్లిస్తుంది, ఇంకా లోతుకు పోవాల్సి వచ్చేది. వేర్లు తీసేసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టాం. దాని మీద 4 అంగుళాల కాంక్రీటు. ఒక పాలు సిమెంటుకు 4 పాళ్ల ఇసుక, 8 పాళ్ల కంకర.

సాయంత్రానికి చూస్తే నేల మీద ఏమీ లేదు! "ఇంత పని చేస్తే ఏం కనిపిస్తలేదు తాతా" అన్నా.

"పునాది ఎవ్వలకు కనవడది బిడ్డా. పునాది ఒంకర మాత్రం ఊరంతకు కనవడ్తది" అన్నాడు.

వరస

ఆదివారం ఇటుకలు. ముందు వాటిని తొట్టిలో నానబెట్టాలి, బుడగలు ఆగేదాకా. పొడి ఇటుక మాలులోని నీళ్లను పీల్చేసుకుంటుంది, అప్పుడు సిమెంటు సరిగా గట్టిపడదు. మాలుకు ఒక పాలు సిమెంటు, 6 పాళ్ల ఇసుక. ముందు పొడిగా, రంగు ఒకేలా వచ్చేదాకా కలిపి, తర్వాతే నీళ్లు. అరగంటలో వాడగలిగినంతే కలపాలి. గట్టిపడ్డ మాలులో మళ్లీ నీళ్లు పోసి వాడితే అది ఇటుకను పట్టుకోదు.

నాలుగు మూలల్లో నాలుగు ఇటుకలు పెట్టి, మూలమట్టంతో సరిచూసి, మధ్యలో దారం కట్టాం. దారం వెంబడి ఒక్కో ఇటుకా. కింది వరస అతుకు మీద పై వరస ఇటుక నడిమి భాగం రావాలి. అతుకులన్నీ ఒకే గీతలో ఉంటే గోడ అక్కడే చీలుతుంది. మొత్తం మూడు వరసలు. ఒకటి నేలలోకి పోయింది, రెండు పైన. దిగువ మూలలో, పై వరసలో అర ఇటుక ఖాళీ వదిలాం, నీళ్లు అటునుంచి అరటి చెట్లకు పోవడానికి.

తర్వాతి శనివారం లోపల మొరం నింపి, తడిపి, కొట్టి, పైన 3 అంగుళాల కాంక్రీటు వేశాం. ఇది కాస్త గట్టి పాళ్లు, 1:2:4. నీళ్లు నిలవకుండా 4 అడుగులకు ఒక అంగుళం వాలు. నున్నగా రుద్దొద్దన్నాడు తాత. కాస్త ఆరాక చీపురుతో అడ్డంగా గీతలు గీశాం. కాలు జారకుండా కాపాడేది ఆ గీతలే.

నీళ్లు పట్టడం

తొందరపడేవాళ్లు వదిలేసే పని ఇది. సిమెంటు ఎండి గట్టిపడదు, నీళ్లతో కలిసి గట్టిపడుతుంది. కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. మేం వాడినలాంటి ఫ్లైయాష్ కలిసిన పీపీసీ అయితే 10 రోజులు. గద్దె మీద గోనె సంచులు పరిచి పొద్దున, సాయంత్రం నీళ్లు పోయాలి. నాకు సోమవారం లాగిన్. ఆ డ్యూటీ నాయనమ్మ తీసుకుంది. ఫోన్ చేస్తే, "పసిపిల్లకు పోసినట్టు పోస్తున్న బిడ్డా, నువ్వు నీ పని చూస్కో" అంది.

ఇక ఊరు చూస్తే

రెండు వారాంతాలు మట్టిలో ఉన్నాక చూపు మారుతుంది. వరంగల్ దాటి ములుగు వైపు పోతే పాలంపేటలో రామప్ప గుడి ఉంది. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ అందరూ శిల్పాల ముందు సెల్ఫీ తీసుకుంటారు. నన్ను ఆపింది పునాది, శిఖరం. పునాది కింద గుంట తీసి ఇసుక నింపారు. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. పైన బరువు తగ్గించడం, కింద నేలను సిద్ధం చేయడం. మేస్త్రి తాత కుర్చీలో కూర్చుని చెప్పింది కూడా ఇలాంటిదే.

ఈ ప్రాంతంలో ఇంకో రకం గోడలు కూడా ఉన్నాయి, దొరల గడీలవి. నిజాం కాలంలో గడీల పనులకు ఊళ్ల జనంతో వెట్టి చేయించుకున్నారు, కూలీ లేకుండా. ఐలమ్మ తిరగబడింది ఆ రోజుల్లోనే. మామూలుగా అయితే ఇది పుస్తకంలో చదివే సంగతి. తట్ట ఎత్తి నడుం పట్టేశాక, ఇంత పని ఊరికే చేయించుకున్నారా అనిపిస్తుంది. నేను ఒక ఆదివారం పెట్టింది 60 చిల్లర ఇటుకలు. అలవాటున్న మేస్త్రి ఒక్క రోజులో వందల ఇటుకలు పెడతాడు, అదీ ఎండలో.

అందుకే నా మాట ఒకటే. పెరట్లో మీ చేత్తో కట్టండి, కానీ మేస్త్రి కూలీ మిగుల్చుకోవడానికి కాదు. ఎవరూ రాని చిన్న పని కోసం కట్టండి. రేపు పెద్ద పనికి మేస్త్రిని పిలిచినప్పుడు "ఇంత అడుగుతున్నావేంటి?" అనే ముందు ఒక్క క్షణం మీ నోరే ఆగుతుంది.

గద్దె మీద గోనె సంచులు తీసిన రోజు నాయనమ్మ తాత చేతిలో రెండు రోజుల కూలీ పెట్టింది. "నేనేం జేసిన? కూసోని చెప్పిన గంతే" అని ఆయన వద్దన్నాడు.

"చెప్పుడు గూడ పనే" అని ఆమె ఆయన జేబులో పెట్టి, అంట్ల గంప తీసుకుని నల్లా దగ్గరికి పోయింది.